చుక్కలు లేని ముగ్గు: రోజ్‌మాలింగ్ నేర్చుకున్న చలికాలం

డెకోరాలో ఒక నీలం పెట్టె ముందు చాలాసేపు నిలబడిపోయాను. అయోవా రాష్ట్రంలో చిన్న ఊరు అది. మేముండే రోచెస్టర్ నుంచి కారులో గంటంపావు ప్రయాణం. అక్కడ వెస్టర్‌హైమ్ అనే మ్యూజియం ఉంది. నార్వే నుంచి వలస వచ్చినవాళ్లు అమెరికాను అలా పిలుచుకునేవాళ్లట, పడమటి ఇల్లు అని. 1877లో అక్కడి లూథర్ కాలేజీలో మొదలైన సేకరణ ఇప్పుడు ఊళ్లో పెద్ద మ్యూజియం అయింది. చెక్క గిన్నెలు, చెంచాలు, మగ్గాలు, పడవలు చాలా ఉన్నాయి. నన్ను ఆపింది మాత్రం పెట్టెలు. గుండ్రటి మూతలు, ఇనుప పట్టీలు, ముందువైపు ఎరుపు పసుపు తీగలు, తీగల మధ్య ఒక పేరు, ఒక సంవత్సరం.

2009లో నేను ఈ దేశానికి బయల్దేరేటప్పుడు మా నాన్న అమలాపురంలో బోర్డులు రాసే ఆయన దగ్గర ఒక బ్రష్షు, కాస్త తెల్ల పెయింటు అడిగి తెచ్చి, నా రెండు సూట్‌కేసుల మీద నా పేరు, రోచెస్టర్, మిన్నెసోటా అని రాశారు. ఒక్కోటి 23 కిలోలు. మధ్యలో పెయింటు కారితే గుడ్డతో తుడిచి మళ్లీ రాశారు. ఆ పెట్టె ముందు నిలబడి నేను చూసింది ఆ చేతిరాతనే. ఈ పెట్టె మీద పేరున్న మనిషి కూడా ఎవరో ఇలా రాసి పంపితేనే ఓడ ఎక్కి ఉంటుంది కదా అనిపించింది. ఆ పూల పని పేరు రోజ్‌మాలింగ్ అని, అది నేర్పే క్లాసులు ఇప్పటికీ ఉన్నాయని ఆ రోజే తెలిసింది.

2025 జనవరిలో చేరాను. డెకోరాలో కాదు, మాకు అరగంట దూరంలో ఒక లూథరన్ చర్చి కింది అంతస్తులో. ఆరు శనివారాలు, పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా. బయట మంచు, లోపల పొడవాటి బల్లలు, ఒక పెద్ద కాఫీ పాత్ర, ఎనిమిది మందిమి. మా టీచరుకు డెబ్బై దాటాయి.

మొదటి శనివారమంతా రెండే గీతలు. ఒకటి ఇంగ్లీషు సి అక్షరంలా వంగేది, ఇంకోటి ఎస్‌లా మెలిక తిరిగేది. వీటికి తోడు కన్నీటి చుక్క ఆకారంలో ఒక చిన్న పోటు. రోజ్‌మాలింగ్ మొత్తం ఈ మూడింటి మీద నిలబడి ఉంటుంది. కన్నీటి చుక్క చూడటానికి తేలికే. గుండ్రటి కుంచెను నొక్కి, లాగుతూ, మెల్లగా పైకి తీయాలి. మొదలు లావుగా, చివర సూదిమొనలా రావాలి. నావి మొదట్లో అన్నీ చింతగింజల్లా వచ్చాయి. చివర్లో కుంచెను గబుక్కున లేపేస్తున్నాను. టీచరు వెనక నిలబడి, నా చేతి మీద చెయ్యి వేసి దిద్దించారు. నా ఐదో ఏట పలక మీద ఓనమాలు దిద్దించిన తర్వాత నా చేతిని అలా పట్టుకున్నవాళ్లు లేరు. కళ్లు చెమర్చాయి. ఆవిడ చూసి ఏమీ అనలేదు, ఇంకో పది వేయించారు.

రంగు ఎంత జారుగా ఉండాలన్నది ఇందులో సగం విద్య. ట్యూబులోంచి తీసిన ఆయిల్ పెయింటులో అవిసె నూనె చుక్కలు చుక్కలుగా కలుపుతారు. ఎక్కువైతే గీత పరుచుకుపోతుంది, తక్కువైతే మధ్యలో తెగిపోతుంది. ఆవిడ మెత్తబడిన వెన్న అని చెప్తున్నారు గానీ నా చేతికి అది అందలేదు. దోసెల పిండికి మనం చెప్పే గరిటె జారు అనుకున్నాక కుదిరింది. రంగు విషయంలో ఆవిడకు ఇంకో నియమం కూడా ఉంది: ఏ రంగునూ ట్యూబులో ఉన్నట్టే వాడకూడదు. ఎరుపైనా, ఆకుపచ్చైనా కాస్త మట్టి రంగు కలిపి దాని మిడిసిపాటు తగ్గించాలి. పాత పల్లె చిత్రకారులు ఎక్కువగా వాడింది ఎర్ర మట్టి, పసుపు మట్టి లాంటి చవక రంగులే. అందుకే ఆ పాత పెట్టెల మీద రంగులన్నీ ఒకే ఇంటి మనుషుల్లా కలిసి ఉంటాయి.

ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి చెత్తబుట్టలో వేయకూడదు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడి పోయే దారి లేకపోతే గుడ్డలు వాటంతట అవే అంటుకుంటాయి. పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లు పోసిన ఇనుప డబ్బాలో వేసి మూత పెట్టాలి. మా టీచరు ప్రతి శనివారం అందరి గుడ్డలూ లెక్కపెట్టి తీసుకుని గానీ గదికి తాళం వేసేవారు కాదు.

రెండో వారం పళ్లెం చేతికొచ్చింది. పన్నెండు అంగుళాల చెక్క పళ్లెం, బాస్‌వుడ్ అనే మెత్తని తెల్ల కర్రది. ఉప్పు కాగితంతో రుద్దడం, కర్ర రంగు పీల్చకుండా సీలర్ పూయడం, మళ్లీ రుద్దడం, పూల వెనక ఉండే అడుగు రంగు రెండు పూతలు, మధ్యలో మళ్లీ రుద్దడం. నేను ముదురు నీలం తీసుకున్నాను, ఆ పెట్టె రంగు.

రోజ్‌మాలింగ్ అంతా ఒక్క తీరు కాదు. నార్వేలో ఒక్కో లోయకు ఒక్కో పద్ధతి, వాటికి ఆ ప్రాంతాల పేర్లే. మా టీచరు కొత్తవాళ్లకు రోగలాండ్ పద్ధతి ఇస్తారు. మధ్యలో ఒక పువ్వు, దానికి అటూ ఇటూ సమానంగా తీగలు, ట్యులిప్ పూలు, కొన్నిచోట్ల జల్లెడ గీతలు. నాకు ఇది వెంటనే వచ్చేసింది. చిన్నప్పుడు ధనుర్మాసం నెల రోజులూ అమ్మతో పాటు వాకిట్లో కూర్చున్న చెయ్యి ఇది. కుడివైపు వేసింది ఎడమవైపు వేయడానికి కొలత అక్కర్లేదు. టీచరు ఆశ్చర్యపోయి ఇదివరకు ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే ఫోనులో ముగ్గుల ఫోటోలు చూపించాను. రోజూ తుడిచేసి మళ్లీ వేస్తారంటే ఆవిడ చాలాసేపు ఆ ఫోటోలు చూస్తూనే ఉన్నారు.

కానీ నాకు కావలసింది ఆ పెట్టె మీది తీగ. అది టెలిమార్క్ పద్ధతి, సమానం అన్నదే లేదు. ఒక మూలనుంచి వేరులాంటి ఒక మెలిక మొదలవుతుంది, దాంట్లోంచి ఇంకో మెలిక చీలుతుంది, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకదాని మీదుగా ఒకటి పోతాయి. పలచటి రంగు కాబట్టి కింది తీగ పైదాంట్లోంచి కనిపిస్తుంది. మూడో వారం టీచరును బతిమాలి దానికి మారాను. సుద్దముక్కతో పళ్లెం మీద గీయడానికే రెండు గంటలు పట్టింది. ఎడమవైపు ఒకటి గీయగానే నా చెయ్యి కుడివైపు దాని జోడీ గీసేస్తోంది. ఆ రాత్రి అమ్మకు వీడియోలో చూపించాను. అమ్మ కళ్లద్దాలు సవరించుకుని, "బాగుందే, కానీ దీనికి చుక్కలేవే?" అంది. చుక్కలు ఉండవమ్మా అన్నాను. "మరి ఎక్కడ తిప్పాలో నీకెలా తెలుస్తుంది?"

అదే ప్రశ్న తర్వాతి శనివారం టీచరును అడిగాను. ఆవిడ సుద్ద తీసుకుని పళ్లెం మీద తీగలను వదిలేసి, వాటి మధ్య మిగిలిన ఖాళీలను గీసి చూపించారు. గీతను కాదు, ఖాళీని చూడు, ఎక్కడ ఖాళీ పెద్దదైతే తీగ అటు తిరుగుతుంది, మిగిలిన సందుల్లోకి కన్నీటి చుక్కలు వెళ్తాయి అన్నారు. ఆ మాట అర్థమవడానికి నాకు మరో వారం పట్టింది. అర్థమయ్యాక మాత్రం కుంచె ఆగలేదు.

పదకొండింటికి కాఫీ విరామం. ఎవరో ఒకరు లెఫ్సే తెచ్చేవారు. ఉడికించిన బంగాళాదుంప పిండిని పలచగా వత్తి పెనం మీద కాల్చి, వెన్న, పంచదార రాసి చుట్టి ఇస్తారు. వత్తే కర్రకు గాట్లు ఉంటాయి, తిప్పడానికి పొడవాటి చదును కర్ర ఉంటుంది. పూర్ణం లేని బొబ్బట్టు లాంటి మెత్తదనం. ఆ బల్ల దగ్గర విన్న కబుర్లు క్లాసులో నేర్చుకున్నదానికి తక్కువేం కాదు. అయోవాలో డచ్చివాళ్లు కట్టుకున్న పెల్లా అనే ఊరి నుంచి వచ్చినాయన, నెదర్లాండ్స్‌లో తన పూర్వీకుల ఫ్రీస్‌లాండ్‌లో హిండెలోపెన్ అనే ఊరికి కూడా ఇలాంటి మెలికల రంగు పని ఉందని చెప్పాడు. పెన్సిల్వేనియా జర్మన్ కుటుంబం ఆవిడ, తమ ఇళ్లలో పిల్లల పుట్టుక, బాప్తిస్మం రాసే కాగితాల చుట్టూ ట్యులిప్ పూలు, పక్షులు, గుండె గుర్తులు వేయించేవాళ్లని, ఆ పనిని ఫ్రాక్టూర్ అంటారని చెప్పింది. పెట్టె మీద పేరు, కాగితం మీద పేరు. వీళ్లందరి పూలూ పేర్ల చుట్టూనే పూశాయి.

నాలుగో వారం అలాంటి ఒక విరామంలో నేను మాటల మధ్య, మీకు ఇది మీ అమ్మగారు నేర్పారా అని టీచరును అడిగాను. ఔననే సమాధానం వస్తుందనుకున్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. "మా అమ్మకు రాదు. అమ్మమ్మకూ రాదు. వాళ్ల అమ్మకు వచ్చిందని కూడా నేను అనుకోను. నేను ముప్పై దాటాక క్లాసులో నేర్చుకున్నాను."

ఆ తర్వాత ఆవిడ చెప్పింది, నేను ఇంటికొచ్చి వెతికి చదివింది కలిపి రాస్తున్నాను. నార్వే పల్లెల్లో ఈ కళ మొదలైంది 1700ల్లో. అంతకుముందు ఇంటి మధ్యలో మంట, పైకప్పులో పొగ పోయే కంత ఉండేవి, గోడలన్నీ మసి. పొగగొట్టాలు వచ్చాక గోడలు, కప్పులు, బీరువాలు రంగుకు నోచుకున్నాయి. చిత్రకారుల్లో చాలామంది పొలం లేని పేదవాళ్లు. ఊరూరా తిరిగి, తిండి, పడక ఇచ్చిన ఇంట్లో నాలుగు రోజులుండి రంగులు వేసి వెళ్లేవాళ్లు. 1800ల రెండో సగానికి ఆ మోజు పోయింది. అదే కాలంలో జనం ఓడలెక్కుతున్నారు. 1825లో స్టావాంగర్ నుంచి రెస్టరేషన్ అనే చిన్న ఓడలో 52 మంది బయల్దేరారు. దారిలో ఒక బిడ్డ పుట్టింది. వాళ్లు న్యూయార్క్ చేరింది అక్టోబరు 9న. తర్వాతి వందేళ్లలో ఎనిమిది లక్షల మందికి పైగా వాళ్ల వెనకే వచ్చారు. రంగు పెట్టెలు వచ్చాయి గానీ, రంగు వేసే పని ఇక్కడ పెద్దగా సాగలేదు. అడవి కొట్టాలి, నేల దున్నాలి, ఇంగ్లీషు నేర్చుకోవాలి. పెట్టెలు అటకల మీదికి, కొట్టాల్లోకి, కోళ్ల గింజలు పోసుకోవడానికి వెళ్లిపోయాయి.

దాన్ని మళ్లీ లేపిన మనిషి పేర్ లిస్నే. 1880లో నార్వేలోని లేర్డాల్‌లో పుట్టాడు, తండ్రి దగ్గర పని నేర్చుకున్నాడు. 1907లో విస్కాన్సిన్‌లోని స్టౌటన్‌కు వచ్చి గుర్రబ్బండ్లు చేసే కంపెనీలో బండ్లకు రంగు గీతలు వేసే ఉద్యోగంలో చేరాడు. 1930ల మాంద్యంలో ఆ పని తగ్గిపోయాక ఇంట్లో కూర్చుని చెక్క పళ్లేలకు రోజ్‌మాలింగ్ వేయడం మొదలుపెట్టాడు. అంచు చుట్టూ, భోజనం సిద్ధం, దయచేయండి అనే అర్థం వచ్చే నార్వే మాటలు రాసేవాడు. ఆ పళ్లేలు బాగా అమ్ముడుపోయాయి. వాటిని చూసి మిగతావాళ్లు నేర్చుకోవాలనుకున్నారు. 1947లో ఆయన పోయాడు. ఇరవై ఏళ్ల తర్వాత, 1967లో, వెస్టర్‌హైమ్ వాళ్లు నార్వే నుంచి సిగ్మండ్ ఆర్సెత్ అనే చిత్రకారుణ్ని పిలిపించి క్లాసులు పెట్టారు. మా టీచరుకు నేర్పినావిడ ఆ డెకోరా క్లాసుల్లో కూర్చున్నావిడే.

అంటే ఈ గదిలో ఉన్న విద్య తల్లి నుంచి కూతురికి తెగకుండా వచ్చింది కాదు. ఒకసారి తెగింది. మూడు తరాలు ఇంట్లో ఎవరికీ రాకుండా ఉండి, తర్వాత పెద్దవాళ్లు డబ్బు కట్టి, బల్లల ముందు కూర్చుని, మొదటి గీత నుంచి నేర్చుకున్నది. నాకు ఇది ఎందుకంత ముఖ్యమైందో చెప్పాలి. మా అమ్మాయికి పదకొండేళ్లు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే సగం ఇంగ్లీషు, చదవడం అసలు రాదు. ఆదివారం తెలుగు క్లాసు రెండేళ్లు నడిచి ఆగిపోయింది. ఆగిపోయినరోజు నుంచీ నా వల్లే మా ఇంట్లో ఒకటి తెగిపోయిందన్న బాధ నాలో ఉంది, ఎవరితోనూ అనలేదు. ఆ శనివారం కారులో ఇంటికి వస్తూ ఒక పెట్రోలు బంకు పక్కన ఆపి కాసేపు కూర్చున్నాను. ఆ బాధ పోయిందని చెప్పను. కానీ దాని బరువు మారింది.

అయిదో వారం రంగుల పని పూర్తి చేశాను. తీగకు వెలుగు నీడలు వేసేది డబుల్ లోడింగ్‌తో. చదును కుంచె ఒక మూలకు ఒక రంగు, ఇంకో మూలకు తెలుపు అంటించి, కాగితం మీద ముందుకీ వెనక్కీ నడిపితే మధ్యలో రెండూ కలిసిపోతాయి. అప్పుడు సి గీత లాగితే లోపలి అంచు ముదురుగా, బయటి అంచు లేతగా ఒక్క పోటులో వచ్చేస్తుంది. మళ్లీ దిద్దకూడదు, దిద్దితే బురదే. తప్పొస్తే గుడ్డతో తుడిచేసి మొదటి నుంచి వేయడమే. తడిగా ఉన్నంతసేపూ ఆయిల్ పెయింటు క్షమిస్తుంది.

ఆరో వారం అంచు. లైనర్ అనే కుంచె, జుట్టు పొడవుగా సన్నగా ఉంటుంది, చిటికెన వేలిని పళ్లానికి ఆనించి లాగాలి. లిస్నే పళ్లేల మాట విన్నప్పటినుంచీ నేను ఏం రాయాలో అనుకునే ఉన్నాను: వడ్డించాం, రండి, కూర్చోండి. మా అమ్మ వంటింట్లోంచి కేక వేసే మాటలే. మొదటిసారి కొలవకుండా రాశాను. కూర్చోండి దగ్గరికి వచ్చేసరికి చోటు చాల్లేదు, అంతా తుడిచేశాను. రెండోసారి కాగితం పట్టీని అంచు చుట్టూ తిప్పి, మూడు మడతలు పెట్టి, ఒక్కో మాటకు ఎంత చోటో చూసుకున్నాను. అప్పుడు ఇంకో చిక్కు. మన వత్తులు కిందికి దిగుతాయి కదా, డ కింద డవత్తు, ర కింద చవత్తు వెళ్లి లోపలి వరస కన్నీటి చుక్కల్ని గుద్దుకుంటున్నాయి. ఇంగ్లీషు అక్షరాలకైనా, నార్వే అక్షరాలకైనా ఈ బాధ ఉండదు. చివరికి అక్షరాలన్నిటినీ పావు అంగుళం పైకి జరిపి, ఆ రెండు చోట్ల చుక్కలను చిన్నవి చేశాను. టీచరు అది చూసి ఇప్పుడే బాగుంది, అక్షరం కోసం తీగ కాస్త జరిగింది అన్నారు.

ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే ఒక్క మాట. పెద్ద రంగుల సెట్టు కొనకండి. నేను కొన్నదాంట్లో సగం ట్యూబులు విప్పలేదు. ఆ డబ్బుతో ఒక మంచి లైనరు, ఒక మంచి చదును కుంచె కొనుక్కోండి. చవక లైనరు జుట్టు చీలిపోతుంది, తప్పు మీ చేతిదనుకుంటారు. పళ్లెం ముట్టుకునే ముందు పాత న్యూస్‌పేపర్ల మీద వందల కన్నీటి చుక్కలు వేయండి. మా అమ్మాయి నా పక్కన కూర్చుని వేసింది, ఆమెవి నావాటికన్నా ముందు కుదిరాయి.

చివరి రోజు అందరూ వస్తువులు సర్దుకుంటుంటే టీచరు తన నోటుబుక్కు తెచ్చారు. క్లాసులో చూసిన నమూనాలు, అంచుల మీది మాటలు అన్నీ అందులో ఎక్కించుకుంటారు. నా మూడు మాటలు రాసి, ఎలా పలకాలో కింద రాయమన్నారు. రాశాను. వ మీద, ర మీద తలకట్టు చూపించి, ఇది కన్నీటి చుక్కే కదా అన్నారు. సున్నా అంటే ఎదురెదురు రెండు సి గీతలు అన్నారు. తర్వాత లైనరు తీసుకుని ఖాళీ పేజీలో వ వేయడానికి కూర్చున్నారు. కింది గుండ్రం అందంగా వచ్చింది. తలకట్టు దగ్గర మాత్రం పైనుంచి కిందికి లాగేస్తున్నారు, నలభై ఏళ్ల అలవాటు. మనం చిన్నగా దిగి పైకి ఎగదీస్తాం. మూడుసార్లు అలాగే వచ్చింది.

నేను బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, ఆవిడ వెనక నిలబడి, ఆవిడ చేతి మీద చెయ్యి వేసి వ దిద్దించాను.